నూనె తాగని బూరె

పెంచలయ్య అని రాపూరు పక్కనోడు, ఓడలో వంటోడుగా ఉండె. పడవ కాదు నాయనా, ఓడ. సరుకులేసుకొని యూరప్పు రేవులన్నీ తిరిగే ఇనప ఓడ. అందులో తలా ఒక దేశపోడంట. మనకు పండగొస్తే గారెలూ బూరెలూ ఎట్టనో వాళ్లకీ అట్టనేనంట, దేశానికొక మూకుడనుకో. స్పెయినోడికేమో మురుకుల మాదిరి పొడుగ్గా ఒత్తి వేయించి ఇస్తే చాక్లెట్టు పాకంలో ముంచుకొని తింటాడు. హాలెండోడికి కొత్త సంవత్సరం నాడు ఎండుద్రాక్షేసిన బోండాలు కావాల. ఇటలీవోడికి గుమ్మడి పువ్వు బజ్జీలు. రాజమ్మత్తా, నవ్వబాక, నిజంగానే పువ్వును పిండిలో ముంచి వేయిస్తారంట. పెంచలయ్య అన్నీ నేర్చినాడు. మూకుడు పొయ్యి దిగేది లేదు.

ఆ ఓడలో ఇంజను చూసే ముసలాయన ఒకడు ఉండె, పోలెండు దేశం ఆయనది, బొగుమిల్ పేరు. పెంచలయ్య "బొగుమిల్లన్నా" అనేవోడు. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే, అయినా అన్నాతమ్ముళ్ల మాదిరి ఉండేవోళ్లంట. ఆయనకు వాళ్ల బూరెలంటే పిచ్చి. వాళ్ల బూరె మన బూరె కాదులే. మైదా పిండి పొంగబెట్టి, లోపల గులాబీ రేకుల పాకం పెట్టి నూనెలో వేస్తారు. వాళ్లకు ఉపవాసాల ముందు ఒక గురువారం వస్తాది, ఆ పొద్దు అవి తినకపోతే యేడంతా కలిసిరాదని నమ్మకం.

ఏమైందంటే, ఒక దినం ఆయన ఇంజను గది మెట్లెక్కతా ఎక్కతా రొమ్ము పట్టుకొని కూలబడినాడు. రేవులో డాక్టరు చూసి, గుండె నరాల్లో కొవ్వు పేరుకుపోయింది, నూనె వంట మానాల, మళ్లీ నొప్పొచ్చిందా ఇంక ఓడ ఎక్కేది లేదు అన్నాడంట. ఆయనకా ఇంటికాడ ఎవురూ లేరు, ఓడే ఇల్లు. కేప్టెను పెంచలయ్యను పిలిచి, "ఈయన తిండి నీ చేతిలో పెడతా ఉండా" అన్నాడు. ఇంక చూడు, ఉడకబెట్టిన కూరలు, కాల్చిన చేప, అంతే. ముసలాయన మూతి ముడుచుకొని తినేవోడు.

ఆ గురువారం దగ్గర పడింది. ఆయన వంటగది తలుపుకాడికొచ్చి నిలబడి, "పెంచూ, ఒకటంటే ఒకటి వేయించు" అన్నాడు. లేదన్నా, ఆ మాటే ఎత్తబాక అన్నాడు వీడు. "మా అమ్మ పోయినప్పుడు నేను సముద్రంలో ఉండా. ఆ ఒక్క పొద్దే ఆమె పొయ్యి కాడ కూచున్నట్టుంటాది నాకు" అన్నాడంట ఆయన. పెంచలయ్య చెయ్యి మూకుడు మీదికి పోయింది. అయినా, "నువ్వు మళ్లీ కూలబడితే నేను చూడలేను, పో" అని కసిరినాడు. అంతే, ఆయన పళ్లెం ముట్టడం మానేసినాడు. మాట్లాడడం మానేసినాడు.

పెంచలయ్యకు పని మీద మనసు నిలవలా. పిండి పొంగబెట్టి, నూనె లేకుండా ఓవెనులో కాల్చి తీసకపోయినాడు. ముసలాయన ఒక ముక్క కొరికి, "ఇది రొట్టె" అని పక్కన పెట్టినాడు. మళ్లీ చేసినాడు, మళ్లీ రొట్టే. ఇంతలో, సరిగ్గా ఆ గురువారం నాడే, ఓడ డెన్మార్కు రేవుకు చేరింది. కూరగాయలకని అంగడికి పోతే, చెప్తే నమ్మరు మీరు, గోడకు తగిలించి ఉండాది మన గుంత పొంగనాల పెనం! అవే గుంతలు, అదే ఇనుము. ఏందమ్మా ఇది అంటే, పండక్కి ఇందులో తియ్యటి ఉండలు పోసుకుంటాం, గుంతకు రవ్వంత వెన్న చాలు అనిందంట అంగడామె. పెంచలయ్య పకపకా నవ్వి, దాన్ని కొని సంకలో పెట్టుకొని వచ్చినాడు.

నేరుగా ముసలాయన గదికే పోయినాడు. లెయ్యన్నా, మీ అమ్మ పిండి ఎట్ట కలిపేదో నువ్వే వచ్చి చూపించు అన్నాడు. ఆయన గోడతట్టు తిరిగి పండుకొని, "ఎందుకు, మళ్లీ రొట్టె చేసేదానికా?" అన్నాడు. "రొట్టయితే నా నెత్తిన కొట్టు." లేచినాడు. చేతులు కడుక్కొని పిండి పిసికినాడు, పిసికినాడు, పిసికినాడు, దాంట్లో ఒక మూతెడు సారాయి పోసినాడు. సారాయెందుకన్నా అంటే, "నూనె తాగకుండా. మా అమ్మ పోసేది" అన్నాడు. "మా అమ్మయితే నూనె బాగా కాగిందాకా గారె వెయ్యనిచ్చేది కాదు, అదీ ఇందుకే" అన్నాడు వీడు. అట్ట మాట్లాడుకుంటా మాట్లాడుకుంటా, గుంతకొక చుక్క నూనె రాసి, ఉండలు పెట్టి, సన్న సెగన పుల్లతో తిప్పి తిప్పి కాల్చినారు.

ఆయన ఒకటి తుంచినాడు. పైన కరకర, లోపల దూది. నమలతా ఉండాడు. పెంచలయ్య ఆ నోటికల్లే చూస్తా ఉండాడు. "అదే కాదు" అన్నాడు ముసలాయన. వీడి మొహం మాడిపోయింది. "అదే కాదు గానీ, దానికి చెల్లెలు" అని ఇంకోటి తీసుకున్నాడంట.

ఆ పొద్దు నుంచి ఓడలో మామూలు దినాల్లో అందరికీ పెనమే, పండగ నాడు మాత్రమే మూకుడు. స్పెయినోడు కొన్నాళ్లు సణిగినాడు, తర్వాత వాడే పుల్ల పట్టుకొని తిప్పినాడు. బొగుమిల్లన్న పని చాలించుకునే దాకా ఓడ దిగలా. నన్నడిగితే, గుండె బాగుంటే నూనెలోది, బాగలేకుంటే పెనంలోది. నా గుండె ఎట్టుండాదో డాక్టరుకు ఇంకా చూపించుకోలా. చూపించుకుంటే మానమంటారు కదా!