ఎనిమిది వేల ఎలుగుబంట్లు

ఆదివారం మధ్యాహ్నం. ఫోర్ట్ డన్నవే ఊరి ఐస్ హాకీ స్టేడియంలో, బయటి జట్టుకిచ్చే గది. ఆట మధ్యలో ఆగిపోయింది. గది చివర సామాన్ల కొట్టు తలుపు మూసి ఉంది. తలుపుకి చెవీ భుజమూ ఆనించి కోచ్ మార్సెల్.

"తీయి నాయనా, తలుపు తీయి. ఎవ్వరూ ఏమీ అనరు."

"సార్, నేను..."

"నువ్వు మాట్లాడకు. ముందు ఊపిరి తీసుకో. ఆ ఊపిరి టీచరమ్మ చెప్పింది గుర్తుందా? నాలుగు లెక్కపెట్టి లోపలికి, ఆరు లెక్కపెట్టి బయటికి."

"గుర్తుంది సార్. కానీ ఈ తలుపు..."

"తలుపు సంగతి తర్వాత. ముందు ఊపిరి!"

"ఏంటి మార్సెలూ, తలుపుతో మాట్లాడుతున్నావ్?"

"వచ్చావా వెండెలన్నా! ఎమెట్ లోపల దూరాడు. గోలు పడగానే తల దించుకుని, ఎవరి మొహం చూడకుండా గబగబా వచ్చి తలుపేసుకున్నాడు. భుజం పెట్టి తోశాను, ఇంచు కూడా కదల్లేదు. గడియ పెట్టుకున్నట్టున్నాడు."

"ఆ కొట్టుకి గడియ లేదే? జట్టు సామాన్లు చూసేవాణ్ణి, పొద్దున బస్సు దిగి నా సామాన్ల పెట్టె అందులో పెట్టింది నేనేగా."

"అయితే ఆ పెట్టే అడ్డం పెట్టుకున్నాడు! చూశావా, ఎంతదాకా వచ్చిందో? ఇంతకీ నీ చంకలో ఏంటవి?"

"ఎలుగుబంటి బొమ్మలు. జనం మంచు మీదికి విసిరినవి ఏరడానికి వాళ్ళ మనుషులు చాలట్లేదట, మమ్మల్నీ రమ్మన్నారు. ఎనిమిది వేలు పడ్డాయిట మార్సెలూ! కిందటేడు ఆరు వేలేనట. ఊరు ఊరంతా మనవాణ్ణి పొగుడుతోంది."

"నోరు మూస్తావా! వాడు వింటున్నాడు."

"పొగిడితే వింటే తప్పేంటి? ఎమెట్, విను బాబూ. అది మామూలు షాట్ కాదు. సూటిగా పైమూలలో దిగింది. మన గోల్‌కీపర్ టోర్వాల్డ్ ఏమన్నాడో తెలుసా? పదకొండేళ్ళుగా గోల్లో నిలబడుతున్నా, ఇంత అందంగా నాకెవడూ కొట్టలేదన్నాడు. కాకపోతే అది మన గోలు..."

"పో అన్నా! వెళ్ళి బొమ్మలేరుకో!"

"పోతున్నాలే. మంచు శుభ్రం చెయ్యడానికి ఇంకో పాతిక నిమిషాలు పడుతుందిట. అన్నట్టు, వాడికి బూటు లేసు..."

"లేసులూ గీసులూ తర్వాత! ఇక్కడ ఓ పిల్లాడి బతుకు ఊగిసలాడుతుంటే లేసులంటావేంటి!"

"సరే, సరే."

"వెళ్ళాడు. ఇక మనిద్దరమే నాయనా. ఇదిగో, నీ తలుపు దగ్గరే కింద కూర్చుంటున్నా. అబ్బా, మోకాళ్ళు. నువ్వు మనసు విప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

"అయ్యో, వద్దు సార్, కూర్చోకండి! మీరు కాస్త..."

"నేను కాస్త కఠినంగా ఉంటాను. తెలుసు. మా ఆవిడ జినెట్ కూడా అదే మాట. కానీ ఇవాళ నేనేమీ అనను. ఏమైందని అసలు? డిసెంబరొస్తే ప్రతి ఊళ్ళోనూ ఉండేదేగా ఇది. ఆ ఊరి జట్టుకి మొదటి గోలు పడాలి, జనం బొమ్మలు విసరాలి, అవి పిల్లల ఆసుపత్రికి వెళ్ళాలి. మంచి పని. ఆ గోలు వాళ్ళ కుర్రాడెవడో కొడితే బావుండేది. నువ్వు కొట్టావు. వాళ్ళ కోసం, మన గోల్లో కొట్టావు. పిల్లలకి బొమ్మలొచ్చాయా లేదా?"

"వచ్చాయి సార్. ఒకటి నా దగ్గరే ఉంది. నెత్తి మీద పడింది."

"దాన్నే పట్టుకుని కూర్చున్నావా?"

"చేతిలో ఉందంతే సార్."

"పట్టుకో. గట్టిగా పట్టుకో. సిగ్గుపడకు... ఏయ్, ఏంటా చప్పుడు? ధబ్ ధబ్ మని? తల బాదుకుంటున్నావా!"

"తల కాదు సార్, భుజం..."

"భుజమా! ఒరేయ్, ఆ భుజం చూసి కదరా, రెండేళ్ళ కిందట జట్లు కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ రోజున రెండొందల మంది కుర్రాళ్ళలో నీ పేరు మొట్టమొదట పిలిచారు! దాన్ని తీసుకెళ్ళి చెక్కకేసి కొడతావా? ఆపు!"

"ఆపాను సార్. కానీ నేను చెప్పేది..."

"చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. ముప్ఫై ఒక్క ఆటలు. ఒక్క గోలు లేదు. పెద్ద జట్టు నుంచి కిందికి, మా చిన్న జట్టుకి పంపారు, ఇక్కడా లేదు. వీధిలో పిల్లలు కూడా వేలు చూపిస్తున్నారు. చివరికి ఒకటి పడితే ఇటు పడింది. నీ స్థానంలో నేనుంటే నేనూ పెట్టె అడ్డం పెట్టుకునేవాణ్ణి."

"పెట్టె అడ్డం పెట్టలేదు సార్!"

"అబద్ధమెందుకు బాబూ, నేనేమైనా కోప్పడ్డానా? ఉండు, ఫోను. ఓరి దేవుడా, పెద్ద జట్టు మేనేజరు ఫిన్లే గారు. నువ్వు చప్పుడు చెయ్యకు."

"సార్, దయచేసి ముందు..."

"ఉష్! హలో ఫిన్లే గారూ! ఆఁ, ఆఁ, చూశానండీ. అవునండీ, మన గోల్లోనే. లేదండీ, ఏడవట్లేదు. దాక్కోవడమా? ఛఛ! దాక్కోవడమేంటండీ, ఏకాంతంగా ఆలోచించుకుంటున్నాడు. ఆఁ, తలుపేసుకునే. ఏంటండీ? ఈ పూటేనా? సంతకమా? అలాక్కాదండీ, ఒక్క... అర్థమైందండీ. బెంచీ మీద. ఆట మొదలయ్యేసరికి. ఉంటాడండీ, ఉంటాడు. నాది పూచీ. ఉంటానండీ."

"ఏమన్నారు సార్?"

"ఏమీ అనలేదు."

"సంతకమేంటి సార్?"

"నీ దగ్గర దాచడమెందుకు. పై గ్యాలరీలో కూర్చునున్నారు. నిన్ను వేరే జట్టుకిచ్చేసే కాగితం ఆయన కోటు జేబులోనే ఉంది. ఆట మళ్ళీ మొదలయ్యేసరికి నువ్వు బెంచీ మీద కనబడితే అది జేబులోనే ఉంటుంది. దాక్కునేవాణ్ణి ఉంచుకోనన్నారు. కనబడకపోతే నువ్వు అటు, నేను ఇంటికి. యాభై మూడేళ్ళొచ్చాక మా బావమరిది కొట్లో డోనట్లు అమ్మమంటావా నన్ను?"

"వద్దు సార్! నాకిక్కడే ఆడాలనుంది. ఇప్పుడే వచ్చేస్తాను, మీరు ముందు..."

"ఆగు!"

"ఏంటి సార్?"

"అలా రాకూడదు. భయంతో రాకూడదు. నమ్మకంతో రావాలి. నేను రాసిన నోటుపుస్తకంలో ముప్ఫై రెండో సూత్రం."

"నమ్మకంతోనే వస్తాను సార్! చాలా నమ్మకంగా ఉంది నాకు!"

"గొంతు వణుకుతోంది. లేదు, నమ్మకం లేదు. ముందు లోపలున్నది కక్కేయాలి. నిజం చెప్పు, గోలు ఎందుకు పడట్లేదు నీకు?"

"ఇప్పుడా సార్?"

"ఇప్పుడే."

"చెప్తే వదిలేస్తారా?"

"నిన్ను నేనెప్పటికీ వదలను నాయనా. చెప్పు."

"అయితే గబగబా చెప్పేస్తాను సార్. మధ్యలో మాట్లాడకండి."

"మాట్లాడను."

"పక్ బిళ్ళ నా కర్రకి తగలగానే..."

"కర్ర కొసకా, వంపుకా?"

"సార్!"

"సారీ. నోరు మూసుకున్నా."

"పక్ నా కర్రకి తగలగానే నాకు అందరి మాటలూ వినపడతాయి సార్. స్కేటింగ్ మాస్టారు మోకాళ్ళు వంచమంటాడు. కళ్ళ డాక్టరు తల ఎత్తమంటాడు. ఊపిరి టీచరమ్మ నాలుగు లెక్కపెట్టమంటుంది. నిద్ర మాస్టారు రాత్రెన్ని గంటలు పడుకున్నావంటాడు. తిండి మాస్టారు, మా బామ్మ పంపిన రొట్టె తిన్నావు కదూ అంటాడు. తిన్నాను సార్."

"ఎన్ని?"

"నాలుగు."

"పర్లేదు. తర్వాత?"

"అందరికంటే గట్టిగా మీరు వినపడతారు. నలభై ఆరు సూత్రాలూ. నేను పదకొండో దాంట్లో ఉండగానే అవతలివాడు పక్ పట్టుకెళ్ళిపోతాడు."

"ప్రతి ఆటలోనూనా?"

"ప్రతి ఆటలోనూ. మా ఊళ్ళో చెరువు గడ్డకట్టినప్పుడు నాకెవరూ ఏం చెప్పలేదు సార్. అక్కడ రోజుకి వంద కొట్టేవాణ్ణి."

"మరి ఇవాళ? ఇవాళ ఆ పైమూల ఎలా దొరికింది?"

"ఇవాళ పక్ వెనక్కి వచ్చింది కదా సార్. నేను మన గోలు వైపు తిరిగి ఉన్నాను. ఏ మాటా వినపడలేదు."

"ఎందుకని?"

"మన గోల్లోకి ఎలా కొట్టాలో నాకెవరూ నేర్పలేదు సార్. దాని మీద సూత్రమే లేదు. అంతా నిశ్శబ్దంగా ఉంది. చెయ్యి దానంతటదే కదిలింది. మూలకి కొట్టి బయటపడేద్దామనే అనుకున్నా, కానీ అంత బాగా తగిలేసరికి... అటు వెళ్ళిపోయింది."

"..."

"సార్? ఉన్నారా?"

"ఉన్నాను."

"ఏడుస్తున్నారా?"

"లేదు. చలి."

"హీటరు మీ పక్కనే ఉంది కదా సార్."

"ఏడుస్తున్నానురా, ఏంటిప్పుడు! సిగ్గేస్తోంది నాకు. మంచి గుర్రాన్ని పట్టుకొచ్చి దాని వీపు మీద పదిమందిమి ఎక్కి, పరిగెత్తదేంటని కొట్టాం. అందులో నేను అందరికంటే లావు."

"అలా అనకండి సార్. మీరు మంచివారు. కానీ ఇప్పుడు టైమెంతయింది?"

"టైము గురించి నువ్వు దిగులుపడకు."

"మార్సెలూ! ఇంకో వెయ్యి బొమ్మలే. పది నిమిషాల్లో అయిపోతుంది. అవతలి జట్టు అప్పుడే హెల్మెట్లు పెట్టుకుంటోంది. ఏంటి, కళ్ళు అలా ఉన్నాయి?"

"ఏం లేదన్నా. ఎలుగుబంటి పీచు పడింది."

"వాడింకా లోపలే ఉన్నాడా? ఏం చేస్తున్నాడంతసేపు? ఒక లేసు తీసుకోడానికి..."

"మళ్ళీ లేసు! మనిషివేనా నువ్వు? వాడి గుండె తెగి ఉంటే లేసంటావు!"

"వెండెల్ గారూ! వెండెల్ గారూ, మీరైనా కాస్త సార్‌ని..."

"వినపడుతోందా అన్నా? ఆఖరికి నా మీద నీకు చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ. తప్పు నాదే. నువ్వెళ్ళు. వెళ్ళి రెఫరీని కాస్త ఆపు."

"రెఫరీని నేనెలా ఆపను?"

"నువ్వేరిన బొమ్మల్లో ఓ యాభై మళ్ళీ మంచు మీద పడెయ్!"

"నా చేత చేయించేవన్నీ ఇలాంటివే. సరే."

"వెళ్ళాడు. ఎమెట్, విను. ఆ చప్పుడు వినపడుతోందా?"

"ఏదో చిరుగుతోంది సార్."

"నా జేబులోని నోటుపుస్తకం. నలభై ఆరు సూత్రాలూ. రెండు శీతాకాలాలు కూర్చుని రాశాను. ఇదిగో మోకాళ్ళు. ఇదిగో తల. ఇదిగో ముప్ఫై రెండు."

"ముప్ఫై రెండు బాగానే ఉంటుంది సార్."

"పొగడకు. ఊపిరి టీచరమ్మకి రేపు నేనే ఫోన్ చేసి చెప్తా. నిద్రాయన్ని నిద్రపొమ్మంటా. మీ బామ్మని రొట్టెలు పెట్టెడు పంపమను, నాక్కూడా. ఇక నుంచి బెంచీ మీద నేను నోరు తెరవను. నువ్వెలా కొట్టాలనుకుంటే అలా కొట్టు. కాకపోతే అటువైపు కొట్టు, అంతే."

"అటువైపే కొడతాను సార్. నిజంగా ఇప్పుడు కొట్టాలనే ఉంది. ఆ తగిలిన తీరు చేతుల్లో ఇంకా ఉంది. అది పోకముందే వెళ్ళాలి. అందుకే అంటున్నా, మీరు..."

"చూశావా, గొంతు వణకట్లేదు! ఇదీ నమ్మకమంటే! ఇందాక వచ్చుంటే ఈ గొంతు ఉండేదా? అందుకే ఆగమన్నాను."

"మార్సెలూ! అయిపోయింది! నేను యాభై పడేస్తే వాళ్ళు వంద మంది వచ్చి ఏరేశారు. రెఫరీ ఈల పట్టుకున్నాడు. రెండే నిమిషాలు! పైన మీ ఫిన్లే గారు లేచి నిలబడి బెంచీ వంకే చూస్తున్నాడు, కలం తీశాడు!"

"ఉండన్నా! రెండు నిమిషాలు చాలు. ఎమెట్, ఈ రెండేళ్ళలో అందరం నీకు చెప్పినవాళ్ళమే. నీకేం కావాలో ఒక్కడూ అడగలేదు. నేను అడుగుతున్నాను. మధ్యలో మాట్లాడను, ఒట్టు, జినెట్ మీద ఒట్టు. నువ్వు గోలు కొట్టాలంటే నేనేం చెయ్యాలి? ఏదైనా సరే. ఒక్కటి చెప్పు, చేస్తాను."

"నిజంగా మాట్లాడరా సార్?"

"..."

"సార్?"

"..."

"అయితే పక్కకి జరగండి సార్. నేను దాక్కోలేదు, బూటు లేసు తెగితే కొత్తది తీసుకుందామని వచ్చాను. ఈ తలుపు బయటికి తెరుచుకుంటుంది. లోపల్నుంచి నేను అరగంటగా తోస్తూనే ఉన్నాను, మీరేమో దానికి ఆనుకుని కూర్చున్నారు."