మీ ఇష్టం మేడం

ఏమే, వచ్చీ రాగానే సంచి అలా విసిరేశావు, ఎవరి మీద కోపం? పిల్లల మీదా? బాగుంది, టీచరుద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, అప్పుడే విసుగొచ్చేసిందా. ఆ? సగం మంది ప్రాజెక్టు మొదలే పెట్టలేదా? సరే, పెట్టలేదు. అయితే ఏం చేస్తావు? రోజూ సాయంత్రం నీ ఎదురుగా కూర్చోబెట్టి రాయిస్తావా? వాళ్ళ అమ్మానాన్నలకి ఫోన్లు చేస్తావా? నవ్వక ఏం చెయ్యమంటావే, నీ మాటలు మా మేడం వింటే మొహం ఎలా పెట్టేదో అని నవ్వొస్తోంది. ఏ మేడమా? నీకెప్పుడూ చెప్పలేదూ? పింగాణీ స్కూల్లో, మీ ఇష్టం మేడం. అలా నించుంటావేం, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చో, చెప్తాను.

పింగాణీ ఫ్యాక్టరీ వెనకాల పొడుగాటి రేకుల షెడ్డు, అదే స్కూలు. ఒక గోడ వెంట మట్టి తొట్లు, మధ్యలో చక్రాలు, ఈ చివర చెక్క అరలు, వెనక పాత్రలు కాల్చే బట్టీ. లోపలికెళ్తే చాలు, తలనిండా తెల్ల దుమ్ము, మా అమ్మ రోజూ తిట్టేది, పెళ్ళి కాకుండానే ముసలిదానివైపోయావని. అందులో పాసైతే నేరుగా ఫ్యాక్టరీలో ఉద్యోగం. పాసవడమంటే మరేం లేదు, మన చేత్తో చేసిన పాత్ర ఒకటి బట్టీలోంచి చెక్కు చెదరకుండా బయటికి రావాలి. మా మేడం వస్తూనే బెల్లు తీయించేసింది, హాజరు పిలవడం మానేసింది. మొదటి రోజు బోర్డు మీద బట్టీ తేదీ రాసింది. "ఆలోపు తలా ఒక మూత జాడీ చేసి, ఆరబెట్టి తేవాలి. తలుపు పొద్దున్నుంచి చీకటి పడేదాకా తీసే ఉంటుంది" అంది. ఎన్నింటికి రావాలి మేడం అంటే, "మీ ఇష్టం". ముందు మూత చెయ్యాలా, జాడీ చెయ్యాలా? "మీ ఇష్టం". ఇంకేముంది, ఆ పేరే ఖాయమైపోయింది. మా నాన్నైతే, "ఇదేం బడే, సంతా?" అని ఎగిరాడు. కానీ ఒక్క మాట మాత్రం ఆవిడ గట్టిగా చెప్పింది, అది చెప్పాలి నీకు. "పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తడి ఉంటుంది. తడి ఉంటే బట్టీలో పగిలిపోతుంది. మీకు తొందరున్నా మట్టికి ఉండదు. చెంపకి ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే."

అంత వదిలేస్తే ఏమవుతుంది, నువ్వే చెప్పు. ఆ, అదే అయింది. మొదటి నెల షెడ్డులో ఈగలు తోలుకునేవాళ్ళు కూడా లేరు. మాలో ఒకడుండేవాడు, వాణ్ని అందరం రేపుగాడు అనేవాళ్ళం, ఏమడిగినా "రేపు చేద్దాంలే" అనేవాడు. చేతులు మాత్రం బంగారం, చక్రం ముందు కూర్చున్నాడంటే మట్టి వాడు చెప్పినట్టు వినేది. ఆ ధీమాతోనే రేపు, రేపు అని, బట్టీ తేదీ నెత్తిమీదికొచ్చాక చేశాడు జాడీ. ఎంత అందంగా చేశాడనుకున్నావ్! నేను బుద్ధిగా ముందే చేసి అర మీద పెట్టుకున్నాను, దాన్ని రోజుకి పదిసార్లు చూసుకుని మురిసేదాన్ని. బట్టీలో పేర్చే రోజు మేడం వాడి జాడీ చూసి, "ఆరిందా?" అంది. "ఆరింది మేడం" అన్నాడు, కళ్ళు నేల మీద పెట్టి. "నీ ఇష్టం, కింద మూలన పెట్టుకో" అని ఊరుకుంది. ఆవిడకి తెలుసు. పగిలితే వాడిదొక్కటే పగులుతుంది, బుద్ధొస్తుంది అనుకుంది. ఆవిడ అటు తిరగ్గానే మన ఘనుడు ఏం చేశాడో తెలుసా? మంట వచ్చేది మధ్యలో, దాని దగ్గరైతే తొందరగా ఆరుతుంది కదా అని, మూలనున్న జాడీని తెచ్చి నడిమధ్యన పెట్టాడు! సరిగ్గా మా అందరి జాడీల మధ్యన.

నిప్పు పెట్టాక లోపల్నుంచి టప్పుమని ఒకటి, వెంటనే టపటపా. అందరం బట్టీ చుట్టూ మూగాం. చల్లారాక తలుపు తీస్తే ఏముంది, పెంకులు. నా జాడీ మూత ఒక్కటి మిగిలింది, మూత! రేపుగాణ్ని మావాళ్ళు కొట్టినంత పని చేశారు. ప్రిన్సిపాలు పరిగెత్తుకొచ్చాడు, ఆయన నిలువునా గెడకర్రలా ఉండేవాడు, గొంతు మాత్రం సన్నగా పిల్లనగ్రోవిలా, "చెప్పానా అమ్మా, చెప్పానా! రేపట్నుంచి బెల్లు, హాజరు, అన్నీ మామూలే!" అని. నేనూ ఊరుకోలేదు, ఆవిడ ముందుకెళ్ళి ఏడుస్తూ అడిగేశాను, "మీకు తెలిసీ ఎందుకు ఆపలేదు?" అని. "నీది పోతుందనుకోలేదమ్మా. అది నా తప్పే" అంది. టీచరు నోట ఆ మాట నేను అంతకు ముందు వినలేదు. తర్వాత ప్రిన్సిపాలుతో, "ఇంకొక్క బట్టీ ఇవ్వండి. అదీ పాడైతే మీ బెల్లు మీరు పెట్టుకోండి, నేనే వెళ్ళిపోతాను" అంది. మాతో ఏమంది? ఏం లేదు. బోర్డు మీద కొత్త తేదీ రాసి వెళ్ళిపోయింది.

ఈసారి ఎవరూ చెప్పకుండానే తెల్లారేసరికి షెడ్డు నిండిపోయేది. వంతులు మేమే వేసుకున్నాం, ఎవరి జాడీ ఏ అర మీద, ఎవరు ఎప్పుడు తిప్పి పెట్టాలి, అన్నీ. పైగా ముసురు పట్టింది, ఏదీ ఓ పట్టాన ఆరదు. అందరికన్నా ముందు చేసిందెవరు? రేపుగాడే! అంతటితో ఆగాడా, పొద్దస్తమానం అందరి జాడీలూ చెంపకి ఆనించుకుంటూ తిరిగేవాడు, మొహమంతా సున్నం కొట్టిన గోడలా అయ్యేది. మరి నేనో, మొదటిది పోయిందన్న ఉక్రోషంతో కొన్నాళ్ళు మూతి ముడుచుకుని ఇంట్లో కూర్చుని, ఆలస్యంగా మొదలుపెట్టాను. ఈ బట్టీ తప్పితే ఆ విడతలో ఫ్యాక్టరీలో చేరడం లేదు. పేర్చే రోజు వంతు రేపుగాడిది, నా జాడీ చేతికిస్తే చెంపకి ఆనించాడు, మళ్ళీ ఇంకో చెంపకి ఆనించాడు. "అడుగు దళసరి, ఇంకా చల్లగా ఉంది. పెట్టను" అన్నాడు. వాడు! నాకు! నా జాడీ పగలగొట్టినవాడు నాకు చెప్పడమా! ఒళ్ళు మండిపోయింది. "మేడం, మీరైనా చెప్పండి" అన్నాను. ప్రిన్సిపాలు పక్కనే ఉన్నాడు, ఆవిడ ఉద్యోగం ఆ బట్టీలోనే ఉంది. ఒక్క "వద్దు" అంటే అయిపోయేది కదా. అన్లేదు. నా కళ్ళలోకి చూసి, "నీ ఇష్టం" అంది. అప్పుడు చూశానే ఆవిడ చేతుల్ని, రెండూ వెనక్కి పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

నేనే వాడి చేతిలోంచి వెనక్కి తీసుకున్నాను. జాడీ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. బట్టీ తలుపు తీసేసరికి ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు, ప్రిన్సిపాలు ఒక్కోటీ వేలితో కొట్టి చూస్తున్నాడు, ఖంగుఖంగుమంటున్నాయి. బెల్లు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అందరూ ఉద్యోగాల్లో చేరారు, నేను తర్వాతి విడతలో ఆ జాడీ కాల్పించి చేరాను. చేరిందాన్ని చేరినట్టు ముప్పై ఏళ్ళు చేశాను, ఒక్క రోజూ ఎవరి చేతా మాట పడలేదు. అలా అని నీ పిల్లల్ని గాలికొదిలెయ్యమని కాదే నేను చెప్పేది. చెంపకి ఆనించి చూసుకోవడం నేర్పు. ఆ తర్వాత, ఎంత కష్టంగా ఉన్నా సరే, నీ చేతులు నీ దగ్గరే ఉంచుకో.

మేడం ఆఖరి రోజుల్లో చూడ్డానికి వెళ్ళాను, ఆవిడ మంచం మీదుంది. అడిగాను, "మేడం, ఆ రోజు నేను పెట్టేస్తానంటే ఏం చేసేవారు?" అని. "పెట్టనిచ్చేదాన్ని" అంది. "మరి మీ ఉద్యోగం?" అన్నాను. నా చెయ్యి తీసుకుని, మెల్లిగా తన చెంపకి ఆనించుకుంది. కాసేపు అలాగే ఉంచుకుని, "బాగా ఆరావే" అని నవ్వింది...

ఆ... ఏమీ లేదులే. పొయ్యి మీద కూర ఉడికిపోతోంది, ఉప్పు వెయ్యలేదు. ఆ ఉప్పు జాడీ ఇలా అందుకో. అదే, అదే, అడుగు దళసరిగా ఉంటుందే, అది. రెండు చేతులతో పట్టుకో.