జేబులో పవర్ బ్యాంకు

హలో… ఆ, కనకదుర్గ వదినా, నేనే, బిందుని. ఇందాక మీకు మూడుసార్లు చేశా…

… ఎక్కడా? మా ఊళ్లోనే, వాట్‌ఫర్డ్‌లో. హాస్పిటల్లో ఉన్నా. మీ తమ్ముణ్ణి థియేటర్‌లోకి తీసుకెళ్లి గంటన్నర అయింది… అయ్యో, సినిమా కాదు వదినా! ఆపరేషన్.

… ముందు కూర్చోండి. చెప్తా.

పొద్దున పాపకి జడ వేస్తూ వేస్తూ పక్కకి ఒరిగిపోయారు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా… ఒళ్లంతా చల్లటి చెమట. ఆంబులెన్స్‌వాళ్లొచ్చి చొక్కా ఎత్తితే… ఛీ!

… దెబ్బ కాదు వదినా, అచ్చు! ఎడమ డొక్క మీద నల్లగా కమిలిపోయి, ఇంత పలక. నాలుగు మూలలూ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. తుంటి మీద ఇంకోటి, ఫోనంత.

… ఎలాగా? స్నోబోర్డింగ్ అంట! నలభై రెండేళ్లొచ్చాక! శనివారం ఆన్‌కాల్ డ్యూటీ ఉందని నాతో చెప్పి, ఫ్రెండు రితేష్‌తో కలిసి ఆ మంచు సెంటర్‌కి పోయారు. డ్యూటీ ఎగ్గొట్టినట్టు ఆఫీసుకి తెలీకూడదుగా… ఆఫీసు ఫోను ఒక జేబులో, సొంతది ఇంకో జేబులో. కోటు లోపలి జేబులో పవర్ బ్యాంకు — ఇటుకంత.

… చెప్పకేం! జేబులు ఖాళీ చేసి అన్నీ లాకర్లో పెట్టమని నేర్పించే అమ్మాయి రెండుసార్లు చెప్పిందంట. ఖాళీ చేశానని సంతకం కూడా పెట్టారు ఈ పెద్దమనిషి. రితేషే చెప్పాడు, ఇందాక వచ్చి, తల దించుకుని.

… వాలులో దిగుతుంటే ఆఫీసు ఫోను మోగింది. కాళ్లకి బోర్డు బిగించుకుని జారుతూ, ఒక చేత్తో జేబు వెతుక్కుంటూ… బోర్లా పడ్డారు. సరిగ్గా ఆ ఇటుక మీద.

… స్ప్లీన్ చిట్లిందంట, అదే, ఎడమ డొక్కలో ఉండే ప్లీహం. శనివారం నుంచీ లోపల కొద్దికొద్దిగా రక్తం కారుతూనే ఉందంట.

… అదే నేనూ అడుగుతున్నా, నాకెందుకు చెప్పలేదని! నిన్న నా ఎదురుగా కూర్చుని పెసరట్టు తిన్నారు. ఏంటలా వంగి నడుస్తున్నారంటే గ్యాస్ అన్నారు. ఆంబులెన్స్‌లో మాస్కు పక్కకి లాగి ఏమన్నారో తెలుసా? "ఆఫీసుకి మాత్రం బాత్రూంలో జారానని చెప్పు."

… భయం కాదు వదినా, అసహ్యం వేసింది. పదమూడేళ్లలో మొదటిసారి ఆయన చెయ్యి వదిలేశా.

… ఏమన్నారు?

… ఒక్క నిమిషం. శనివారం సాయంత్రమే మీకు ఫోన్ చేశారా?

… పడ్డానని చెప్పారా? ఎడమ పక్క నొప్పని… భుజం కూడా లాగుతోందని…

… జీపీ డాక్టర్ క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చునేది మీరు! రోజూ ఇలాంటి ఫోన్లు ఎత్తేది మీరు! డొక్కలో దెబ్బ తగిలిందంటే వెంటనే హాస్పిటల్‌కి పొమ్మని మీ హారో ఊరంతటికీ చెప్తారు. సొంత తమ్ముడికి… పారాసిటమాల్!

… ఆ. "బిందుకి తెలిస్తే గొడవ" అన్నారా ఆయన? నిజమే, గొడవ చేసేదాన్నే. గొడవ చేసి, మెడ పట్టుకుని శనివారమే ఇక్కడ తెచ్చి పడేసేదాన్ని.

… వద్దు, ఏడవకండి. ఆగండి, డాక్టర్ వస్తోంది —

యెస్… యెస్, విజయభాస్కర్ వైఫ్… ఓకే… ఓకే. థాంక్యూ. థాంక్యూ సో మచ్…

… వదినా, ఉన్నారా? స్ప్లీన్ తీసేశారంట. రక్తం ఆగింది. బతికారు.

… ఆ. బతికారు.

… సాయంత్రం చూడనిస్తారంట. రండి. ఆయన పక్కన మీరే కూర్చోండి. మీరిద్దరూ చెప్పుకునేవి చాలా ఉంటాయి, నాకు తెలీకుండా.

… నేనా? పాపని స్కూల్ నుంచి తెచ్చుకోవాలి. అడుగుతుంది కదా, నాన్నకేమైందని…

… లేదు. దానికి ఉన్నదున్నట్టే చెప్తా.

పెట్టేస్తున్నా.