నానమ్మ “వస్తాను” అంది

హలో, అందరికీ వినిపిస్తోందా? జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉండే ప్రతిమ తన భర్తతో, అక్కడే పెరుగుతున్న కూతురు నీనాతో, అత్తగారితో క్రూజ్‌కి వెళ్ళింది. ఆఖరి దీవిలో, ఓడ కదిలే వేళకి, అత్తగారు కనిపించలేదు. ప్రతిమ భర్త వైపు తిరిగింది.

“ఏవండీ, అత్తయ్య ఫోన్ ఎత్తట్లేదు!”

“ఎలా ఎత్తుతుంది? ఫోన్ నా జేబులోనే ఉంది.”

“ఆవిడకి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదండీ. ఓడ వెళ్ళిపోతే?”

“పోనీ. అమ్మ లేకుండా నేను కదలను. నీనాతోనేగా చెప్పి వెళ్ళింది?”

“‘నానమ్మ వస్తోంది’ అని ఇది జర్మన్‌లో చెప్పింది. అందుకేగా ఇక్కడే కూర్చున్నాం!”

“తెలుగులో ఏమందో అడుగు.”

“‘వస్తానమ్మా’ అని చెయ్యూపిందట.”

“చెయ్యూపిందా? ఓసి పిచ్చిదానా, అది రావడం కాదు, వెళ్ళడం! మోకాళ్ళ నొప్పులని ఓడకే పోయుంటుంది. పద, పరిగెత్తు!”

వాళ్ళు రేవు చేరేసరికి ఓడ సిబ్బంది చేతులు జోడించి బతిమాలుతున్నారు. అత్తగారు మాత్రం ఓడ మెట్ల మధ్యలో చతికిలబడి, కళ్ళు తుడుచుకుంటూ తెలుగులోనే చెబుతోంది.

“నా పిల్లలు రాందే నేను లేవను నాయనా. ఎలా తీస్తారో తియ్యండి మెట్లు!”

పరాయి దేశంలో పిల్లల్ని పెంచేవాళ్ళు మీకు తెలిస్తే, ఈ కథ వాళ్ళకి పంపండి.