ఆఫీసు నంబర్లు మార్చిన ఆదివారం

నా ఈ వీడ్కోలు సభకి అధ్యక్షత వహిస్తున్న మేనేజరుగారికి, ముందు వరసలోని పెద్దలకు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ మిత్రులకు, ఇంటినుంచి ఈ తెర మీద కనిపిస్తున్న అకౌంట్సు చెల్లెమ్మకు నమస్కారం.

ఇన్నేళ్ళూ బల్లల కింద దూరి వైర్లు సర్దుకున్నవాణ్ణి గనక, నా మొహం కంటే నా మడమలే మీకు బాగా తెలుసు. (నవ్వులు) మాట్లాడటం చేతకాదు. ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను.

వాళ్ళమ్మగారు మంచాన పడ్డాక చెల్లెమ్మకి లాప్‌టాప్ ఇచ్చి ఇంటినుంచే పని చేసుకోమన్నాం. ఇంటినుంచి ఆఫీసు యంత్రాల్ని అందుకునే దారి, అదే వీపీఎన్, కలిసిందని చూపించేది గానీ పద్దుల ఫైలు తెరుచుకునేది కాదు. ఆఫీసు యంత్రాలకి మనం ఇచ్చుకున్న నంబర్లూ, వాళ్ళింటి యంత్రాల నంబర్లూ ఒకే వరస. ఆఫీసు సర్వర్ కావాలంటే లాప్‌టాప్ ఆ నంబరు కోసం ఇంట్లోనే వెతికి ఊరుకునేది. ఇంటి నంబర్లు మార్పించు, లేదంటే సోమవారం నుంచి ఆఫీసుకి రమ్మను అని మేనేజరుగారు తేల్చేశారు. అలా చూడకండి సార్, మీరన్న మాటే. (నవ్వులు)

చెల్లెమ్మకి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను.

"అమ్మ గదిలో కెమెరా ఆ నంబర్ల మీదే నడుస్తోంది అన్నయ్యా. దాని నంబరు మార్చే పాస్‌వర్డు మా తమ్ముడికే తెలుసు, వాడేమో ఫోను అందని ఓడ మీదున్నాడు. అది ఆగిపోతే వంటగదిలోంచి అమ్మని ఎలా చూసుకోను?"

ఆ మాట మేనేజరుగారి చెవిన వేశాను. ఆయన కుర్చీలోంచి లేచారు. "అయితే మనమే మారదాం పద" అన్నారు.

ఆదివారమంతా నేను ఒక్కో యంత్రానికీ, ఇళ్ళల్లో ఎవరూ అంతగా వాడని వేరే వరస ఇస్తూ పోతుంటే, ఆయన మోకాళ్ళ మీద కూర్చుని టార్చి పట్టుకున్నారు. ఇద్దరం కలిసి గుమ్మం దగ్గరి వేలిముద్రల యంత్రాన్ని మరిచిపోయాం. మర్నాడు తలుపు తెరుచుకోక మీరంతా మెట్ల మీద కూర్చుని నన్ను తిట్టుకున్నది అందుకే. ఆ పూట వేళకి పని మొదలుపెట్టింది ఇంట్లో ఉన్న చెల్లెమ్మ ఒక్కతే. (నవ్వులు)

కారణం ఎవరికీ చెప్పొద్దన్నారాయన. ఇవాళ చెప్పేశాను, ఇక నన్నేం చేస్తారు.

నా చోటికి వచ్చే తమ్ముడూ, తేలికని చెప్పి ఆ పాత వరస మళ్ళీ పెట్టకు. నేనడిగేది అదొక్కటే.

(తెర వైపు తిరిగి) చెల్లెమ్మా, నీ చూపు పక్కకి పోతోంది, అమ్మగారు లేచినట్టున్నారు. వెళ్ళమ్మా, నా మాటలు అయిపోయాయి. ఇంతసేపు విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. నాకూ సెలవు.