స్టీరింగ్ దగ్గర కూర్చున్న మనిషి

నా పదవీ విరమణ సభకు పెద్దగా కూర్చున్న మేనేజర్ గారికీ, నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పి ఇవాళ చేతికర్ర పట్టుకుని మరీ వచ్చిన మా మేస్త్రి గారికీ, షెడ్డు మిత్రులకీ, ముందు వరుసలోంచి "తొందరగా ముగించు" అని కళ్ళతోనే గదమాయిస్తున్న మా ఆవిడకీ నమస్కారం. (నవ్వులు)

ఇందాకటి నుంచి నా పనితనం గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అందులో సగం ఇదే షెడ్డులో నాతో పనిచేసిన మా చెల్లెలి భర్తకు చెందాలి. నేను బావా అని పిలవడం విని షెడ్డంతా అతన్ని బావా అనే పిలిచేది. పోయిన వానాకాలంలో అతను మనల్ని వదిలి వెళ్ళిపోయాడు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం చెబుతున్నాను. పవర్ స్టీరింగ్ పెట్టె బాగుచేసి కొత్త ఆయిల్ పోశాక లోపలి గాలి పోవాలంటే, ముందు చక్రాలు పైకి లేపి, ఇంజన్ నడుస్తుండగా స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా తిప్పాలి. తిప్పేది బావ, కింద పడుకుని ఎక్కడ కారుతోందో చూసేది నేను. ఆ రొదలో మాట వినపడదు కనుక స్పానర్‌తో బండి కింది ఛాసిస్ చట్రం మీద కొట్టేవాణ్ణి. ఒక దెబ్బ ఎడమకు, రెండు కుడికి, మూడు కొడితే ఇక చాలు, ఇంజన్ ఆపెయ్. మా ఇద్దరి కాపురం ఏళ్ళ తరబడి అలాగే సాగింది. మాటల్లేవు గనక పోట్లాటలూ లేవు. (నవ్వులు) ఇంట్లో కూడా భోజనాల బల్ల మీద మూడుసార్లు వేలితో కొట్టేవాడట, ఇక వడ్డించకు అని.

బావ పోయాక అతని పాత వ్యాను స్టీరింగ్ పెట్టెలోంచి ఆయిల్ కారడం మొదలైంది. వాకిట్లో మరకలు కడిగి కడిగి చెల్లెలు విసిగిపోయింది. "అన్నయ్యా, ఈసారి కూడా కారితే పాత ఇనుము వాడికి ఇచ్చేస్తాను. దాన్ని చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటోంది" అంది. ఆ వ్యాను కూడా పోతే బావ కూర్చున్న సీటు నాకింక ఎక్కడ కనపడుతుంది?

అప్పటికి రెండుసార్లు ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు మార్చాను, రెండుసార్లూ కారింది. స్టోరు గుమస్తా గారూ, అలా తల దించుకోకండి, తప్పు మీ సీలుది కాదు. (నవ్వులు) పాత సీలు ఒకేచోట రాసుకుని రాసుకుని లోపల తిరిగే షాఫ్టు మీద గాడి పడింది, కొత్తదీ ఆ గాడి మీదే కూర్చుంటోంది. ఈసారి సీలును కాస్త ఇవతలకు, నున్నగా ఉన్నచోట కూర్చోబెట్టాను. ఆయిల్ పోసి, ఇంజన్ వేసి, కింద పడుకుని, అలవాటు కొద్దీ ఒక దెబ్బ కొట్టాను.

(మంచినీళ్ళు ఒక గుక్క తాగి)

పైన ఎవరూ లేరని కొట్టాక గుర్తొచ్చింది. అలాగే పడుకుని ఏడ్చాను, దాపరికం ఎందుకు. అంతలో చక్రాలు మెల్లగా ఎడమకు తిరిగాయి. చెల్లెలు ఎప్పుడొచ్చి ఎక్కి కూర్చుందో! రెండు దెబ్బలు కొట్టాను, కుడికి తిరిగాయి. ఆ దెబ్బల లెక్క బావే ఇంట్లో చెప్పి ఉండాలి. అచ్చం బావలాగే, చివరిదాకా వెళ్ళాక బలంగా పట్టుకోకుండా వెంటనే వదిలేస్తోంది. ఒక్క చుక్క కారలేదు. అయినా తిప్పిస్తూనే ఉన్నాను. చివరికి తనే ఇంజన్ ఆపి, కిందికి వంగి చూసింది.

"కారుతోందా అన్నయ్యా?"

"లేదమ్మా."

"మరి మూడు దెబ్బలు కొట్టవేం?"

స్పానర్ పెట్టెలో పడేసి, చక్రాలు కిందికి దించాను.

ఇవాళ నన్ను ఇక్కడికి తెచ్చింది ఆ వ్యానే, నడిపింది మా చెల్లెలే. ఇన్నేళ్ళూ నన్ను భరించిన మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. బావతో కలిసి పనిచేసిన ఆ షెడ్డును వదిలి వెళ్ళాలని నాకు లేదు. కానీ ఆరోజు కొట్టలేకపోయిన ఆ మూడు దెబ్బలూ ఇక్కడైనా కొట్టాలి కదా.

(బల్ల మీద మూడుసార్లు కొట్టి)

ఇక చాలు బావా. సెలవు.