టులారీ సంతలో పాట

కాలిఫోర్నియా, ఫ్రెస్నోలో శ్మశానం ఎదుటి చిన్న హోటల్. 1986 మార్చి, మధ్యాహ్నం. వెస్ టాలివర్‌ను పూడ్చి అప్పుడే వచ్చి కూర్చున్నారు ఇద్దరు: ఒకప్పుడు టీవీలో అతని చెల్లెలుగా వేసిన మార్లిస్, అతని వెనక డ్రమ్ములు వాయించిన ఓర్విల్.

“ఒక్క కెమెరా కూడా రాలేదు, ఓర్విల్. ఒక్కటంటే ఒక్కటి!”

“కాఫీ తాగు, మార్లిస్.”

“ఒకప్పుడు వెస్ బయటికొస్తే పోలీసులు అడ్డం నిలబడాల్సొచ్చేది. డెస్ మోయిన్స్‌లో ఆడపిల్లలు తన చొక్కా చింపి ముక్కలు పంచుకున్నారు, గుర్తుందా?”

“నా చొక్కా కూడా చింపారు, వాడిదనుకుని. ఇంటికెళ్ళాక తెలిసుంటే ఎంత ఏడ్చుంటారో!”

“నవ్వించకు. ఇవాళ నవ్వకూడదు.”

“వాడైతే నవ్వేవాడు. ఇదిగో, హోటలావిడ వస్తోంది.”

“ఇంకాస్త కాఫీ పొయ్యనా? నల్లబట్టల్లో ఉన్నారు... ఎవరు పోయారండీ, పాపం?”

“వెస్ టాలివర్ అని, మా స్నేహితుడమ్మా.”

“ఎవరూ, ‘పీచ్ పండు పిల్లా’ పాడిన కుర్రాడా? అయ్యో! బుధవారం వచ్చిందంటే మా అక్కచెల్లెళ్ళం అంట్లు కూడా తోమేవాళ్ళం కాదు, టీవీ ముందే. ఆయన ఎప్పుడో పోయాడనుకున్నానే!”

“ఇవాళే పూడ్చాం.”

“అయ్యో రాత. పీచ్ పండ్ల కేకుంది, తెమ్మంటారా?”

“వద్దు తల్లీ. నువ్వెళ్ళు.”

“విన్నావా ఓర్విల్? ఎప్పుడో పోయాడనుకుందట.”

“ఆవిడ తప్పేముంది? ఇరవై రెండో ఏట టీవీ వాళ్ళు ఇక చాలన్నారు. ఆ తర్వాత వాడి మొహం ఎవడు చూశాడు?”

“ఈ ఐదేళ్ళూ పాటే ముట్టలేదటగా. మేనమామ టైర్ల కొట్లో పనట. ఎందుకు మానేశాడు?”

“చక్కెర అందుకో.”

“అడిగినదానికి చెప్పు.”

“తాగుడు. లివరు పాడైపోయింది. డాక్టరు కూడా...”

“తాగుడు తర్వాత మొదలైంది. వాళ్ళమ్మ ఇందాక సమాధి దగ్గర చెప్పింది నాకు. పాట మానేశాకే తాగాడట.”

“మరి ఆవిణ్ణే అడగలేకపోయావా?”

“అడిగాను. ఓర్విల్‌కి తెలుసు, వాణ్ణడుగు అంది.”

“ఏం చెప్పమంటావ్? జనం, మార్లిస్. జనం. వాడు కొత్త పాటలు కట్టుకున్నాడు. నాన్న తోట ఎండిపోయిన పాటొకటి. పెళ్ళాం పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళిపోయిన పాటొకటి. వింటే గుండె పట్టేసేది. ఏం లాభం? గిటారు పట్టుకుని నోరు తెరిచేలోపే, ‘పీచ్ పండు! పీచ్ పండు!’ నలభై ఏళ్ళ మగాడు మోకాళ్ళు ఊపుకుంటూ పిల్లా పిల్లా అని పాడాలి. లేకపోతే బీరు డబ్బాలు విసిరేవాళ్ళు.”

“ఆ జనమే చంపారు తనని.”

“చంపాలని ఎవరనుకున్నారులే.”

“వాళ్ళని వెనకేసుకురాకు. చంపారు... నేను కూడా వెళ్ళాను, తెలుసా? ఒకసారి.”

“ఎక్కడికి?”

“తన పాట వినడానికి. టులారీ సంతకి. పశువుల కొట్టాల పక్కన డేరా వేశారు చూడు, అక్కడికి.”

“ఎప్పుడు?”

“నా విడాకులైన ఏడాది, ఎనభై ఒకటిలో. ఏం, అలా చూస్తున్నావ్?”

“ఏం లేదు. కాఫీ వేడిగా ఉంది.”

“కప్పు ముట్టుకోనే లేదు నువ్వు. సరే, విను. టోపీ పెట్టుకుని వెనకెక్కడో నిలబడ్డాను. ఆ కొత్త పాటలే పాడుతున్నాడు. ఒక్కడూ గోల చెయ్యలేదు, ఓర్విల్! పక్కన ఆవులు నెమరేస్తుంటే వినబడుతోంది.”

“మూడు పాటలు. మూడూ చివరిదాకా విన్నారు. అలా వినడం అదే మొదటిసారి.”

“నాకు ఏడుపాగలేదు. సొంత అన్న లేడు నాకు. ఆ టీవీ ఇల్లు అట్టలతో కట్టిందే, అయినా మా ఇంట్లో కంటే అక్కడే బావుండేది. ప్రతివారం చివర్లో సోఫాలో తన పక్కన కూర్చుని ఆ పాట వినేదాన్ని. కెమెరా ఆపేశాక కూడా నా జడ లాగి ఏడిపించేవాడు. నేనొచ్చానని ఎలాగైనా తనకి తెలియాలనిపించింది. ఎదురుగా వెళ్ళే ధైర్యం లేదు. అందుకని...”

“వద్దు, మార్లిస్.”

“ఏం వద్దు?”

“ఇక లేద్దాం. మబ్బు పట్టింది.”

“ఉండు, చెప్పనీ. అరిచాను. టీవీలో అరిచినట్టే, ‘అన్నయ్యా, పీచ్ పండూ!’ అని. అంతే, డేరా డేరా అంతా అందుకుంది. తను పాడాడు కూడా. ఎంత బాగా పాడాడనీ! హాయిగా ఇంటికెళ్ళి నిద్రపోయాను.”

“బిల్లు నేనిస్తాలే, పద.”

“ఒక్కటి చెప్పు ఓర్విల్. నా గొంతు గుర్తుపట్టాడా?”

“ఆ గోలలో ఎవరి గొంతు ఎవరికి...”

“పట్టాడా, లేదా?”

“పట్టాడు.”

“నిజంగా? నిజంగానా! ఏమన్నాడు? నా మీద ఒట్టు, ఏమన్నాడో చెప్పు.”

“‘మా చెల్లొచ్చింది ఓర్విల్, దానికీ ఆ పాటే కావాలట’ అన్నాడు. అది పాడేసి, గిటారు పెట్టెలో పెట్టి మూతేశాడు. మళ్ళీ తియ్యలేదు.”